కిళంగాన్ చేప పెనం మీద విరిగిపోతోంది, ఏం చేయాలి? చెన్నైలో వండేవాళ్లు చెప్పండి

వేళచ్చేరి సుధ | ఆదివారం, మధ్యాహ్నం 2:10

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి, పెళ్లయ్యాక చెన్నై వచ్చి నాలుగేళ్లయింది. గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని, చేప కడగడం వండటం నాకు కొత్త కాదు. కానీ ఈ కిళంగాన్ దగ్గరే చెయ్యి కుదరడం లేదు. ఇవాళ పొద్దున పట్టినపాక్కం లూప్ రోడ్డు మార్కెట్‌లో కిలో తెచ్చాం, పదిహేను చేపలు తూగాయి, ఒక్కొక్కటి జానెడు పొడవు, వెండి రేకులా మెరుస్తున్నాయి. అక్కడే బాగు చేయించుకుని వచ్చి పండుగప్ప ముక్కలకు పట్టించినట్టే అల్లం వెల్లుల్లి, కారం, పెరుగు, నిమ్మరసం అన్నీ పట్టించి రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టాను. నాన్‌స్టిక్ పెనం మీద వేస్తే తోలంతా పెనానికే అంటుకుపోయింది, తిరగేయబోతే నడుం దగ్గర పుటుక్కున విరిగి రెండు ముక్కలు. పదిహేనులో నాలుగే చేపలా మిగిలాయి.

పోయిన వారం పులుసు పెడితే అదీ ఇంతే, గరిటె పెట్టి చూస్తే అడుగున ముళ్లు, పైన గుజ్జు.

రుచి మాత్రం అంత బాగుంది. మా పాపకు మూడేళ్లు, చేప అంటే మొహం తిప్పేసుకునే పిల్ల, ఇవాళ విరిగిన ముక్కలే ఏరుకుని అన్నంలో కలిపించుకుని తింది. అందుకే ఎలాగైనా దీన్ని సరిగ్గా వండటం నేర్చుకోవాలని ఉంది. పైగా వచ్చే శనివారం మా అత్తగారు వస్తున్నారు, ఆవిడ చేపల పులుసు మా బంధువులందరికీ తెలుసు, ఆవిడ ముందు గుజ్జు పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

తొండయార్‌పేట పాతకాపు | ఆదివారం, సాయంత్రం 4:35

సుధమ్మా, నీ చేతిలో తప్పేం లేదు, చేప మారింది కానీ పద్ధతి మారలేదు, అంతే. పండుగప్ప మందంగా ఉంటుంది, మసాలా లోపలికి దిగడానికి టైం కావాలి. కిళంగాన్ అలా కాదు, నీ బొటనవేలు రెండు పక్కపక్కన పెడితే ఎంత ఉంటుందో అంతే దాని లావు, మాంసం కూడా రేకలు రేకలుగా, చాలా మెత్తగా ఉంటుంది. దానికి పెరుగూ నిమ్మరసమూ పెట్టి రెండు గంటలు ఉంచితే పులుపుకి పైన మాంసం అప్పుడే సగం ఉడికినట్టు తెల్లబడి వదులైపోతుంది. ఆ తర్వాత ఏ పెనం మీద వేసినా నిలవదు.

మా ఇంట్లో యాభై ఏళ్లుగా చేసే పద్ధతి చెప్తాను. మా తాతగారు నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు, మా అమ్మ ఇక్కడి చేపలన్నీ ఇక్కడి ఆడవాళ్ల దగ్గరే నేర్చుకుంది.

మొదట చేపని కడిగాక నీళ్లు పూర్తిగా వార్చాలి. తర్వాత ఒట్టి ఉప్పూ పసుపూ మాత్రమే రాసి పది నిమిషాలు చిల్లుల గిన్నెలో వాలుగా పెట్టు. కిందికి నీళ్లు కారతాయి, చేప గట్టిపడుతుంది. నువ్వు అడిగిన దానికి అసలు జవాబు ఇదే, మిగతాదంతా రుచి కోసం. ఆ నీళ్లు పారబోసి, ఒక పాత నూలు గుడ్డతో చేపని లోపల పొట్ట భాగం కూడా అద్దాలి, రుద్దకూడదు. అప్పుడు కారం, మిరియాల పొడి, కొంచెం అల్లం వెల్లుల్లి, ఒక చెంచా బియ్యప్పిండి, ముద్దగా కావడానికి ఎంత కావాలో అంతే నీళ్లు. పలచగా, గోరుతో గీస్తే చేప తోలు కనిపించేంత పలచగా పట్టించు. పదిహేను నిమిషాలు చాలు. నిమ్మకాయ తినేటప్పుడు పిండుకోవచ్చు.

పెనం ఇనపది అయితే మంచిది. బాగా కాలనిచ్చి, తర్వాత నూనె పోసి, నూనె కూడా కాగాక రెండు రెబ్బల కరివేపాకు పరిచి దాని మీద చేప పెట్టు. పెట్టాక చెయ్యి పెట్టకు. చాలామంది ఇక్కడే తొందరపడతారు. నాలుగు నిమిషాలు వదిలేస్తే కింది వైపు కరకరలాడి అదే పెనాన్ని వదులుతుంది, పెనం కాస్త ఊపితే చేప జారుతుంది చూడు, అప్పుడు తిప్పాలి. ఒక్కసారే తిప్పాలి. తల వైపు నుంచి అట్లకాడ దూర్చి, తోక వైపు చెంచా ఆనించి తిప్పితే నడుం విరగదు.

కోరమంగళ రమేష్ | ఆదివారం, సాయంత్రం 5:02

బెంగళూరులో మేము కాణె అని కొనుక్కునేది ఇదేనా? మంగళూరు హోటళ్లలో రవ్వ ఫ్రై చేసి ఇస్తారు. మెనూలో లేడీ ఫిష్ అని ఉంటుంది.

తొండయార్‌పేట పాతకాపు | ఆదివారం, సాయంత్రం 5:20

అదే రమేష్ గారూ. కన్నడంలో కాణె, తమిళంలో కిళంగాన్, ఇంగ్లీషు మెనూలో లేడీ ఫిష్. శాస్త్రం పేరు సిలాగో సిహామా. ఒక్క జాగ్రత్త, ఆన్‌లైన్‌లో లేడీ ఫిష్ అని వెతికితే వేరే చేప ఫొటో వస్తుంది, ఇలాప్స్ జాతి, పెద్దది, ఒళ్లంతా ముళ్లే. ఆ పేరు పట్టుకుని వంట వీడియో చూస్తే రెండు చేపల కథా కలిసిపోతుంది. మన చేపకి మూతి కోసుగా, నోరు చిన్నగా, వీపు మీద రెండు రెక్కలు విడివిడిగా ఉంటాయి, ఒళ్లు గొట్టంలా గుండ్రంగా ఉంటుంది.

ఎన్నూరు వాసు | ఆదివారం, రాత్రి 8:48

పాతకాపు గారు చెప్పిన ఉప్పు పద్ధతి నూటికి నూరు పాళ్లు నిజం. నేను చేప ఎక్కడ నుంచి వస్తుందో చెప్తాను, అది తెలిస్తే కొనడం సులువు.

కిళంగాన్ నడిసముద్రం చేప కాదు. ఒడ్డుకి దగ్గర, ఇసుక నేల ఉన్న చోట అడుగునే తిరుగుతుంది. ఏరు వచ్చి సముద్రంలో కలిసే మొగల్లో, ఉప్పుటేరుల్లో, పులికాట్ సరస్సులో కూడా దొరుకుతుంది. ఆ సరస్సులో ఎక్కువ భాగం మన సూళ్లూరుపేట, తడ వైపే ఉంది. ఈ చేప ఇసుకని మూతితో కెలికి పురుగుల్నీ చిన్న రొయ్యల్నీ తింటుంది. భయం వేస్తే పారిపోకుండా అక్కడే ఇసుకలోకి దూరిపోతుంది. చిన్నప్పుడు మోకాలి లోతు నీళ్లలో నిలబడి చూసేవాళ్లం, వెండి గీతలా ఒకటి కనిపించేది, అడుగు వేస్తే ఇసుక కొంచెం పొగలా లేచేది, అంతే, ఇక చేప ఉండేది కాదు. కాళ్ల కిందే ఉందని తెలుసు కానీ చేతికి చిక్కేది కాదు.

అలా ఇసుకలో తిండి వెతుక్కునే చేప కాబట్టి పొట్ట బాగా కడగాలి. పేగుల్లో ఇసుక ఉంటుంది. మార్కెట్‌లో బాగు చేసేవాళ్లు ఆదివారం రద్దీలో తొందరగా లాగేస్తారు, వెన్నుముల్లుకి ఆనుకుని ఒక ఎర్రటి గీత మిగిలిపోతుంది, ఇంటికొచ్చాక దాన్ని బొటనవేలి గోరుతో గీకేసి కుళాయి కింద పెట్టండి. నీచు వాసన వస్తోందని కొందరు అంటారే, అది దాని వల్లే.

ఇంకో మాట. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తూర్పు తీరంలో మరబోట్లకి వేట నిషేధం. అప్పుడు వంజరం, చందువ లాంటివి తగ్గిపోయి ధర కొండెక్కుతుంది. కానీ కట్టుమరాలకీ చిన్న నాటు పడవలకీ నిషేధం లేదు, వాళ్లు ఒడ్డు దగ్గరే వల వేస్తారు, కిళంగాన్ ఉండేదీ అక్కడే. ఆ రెండు నెలలూ నేను ఐస్‌లో ఎన్నాళ్లుందో తెలియని పెద్ద చేప జోలికి పోను, పొద్దున పడవలో వచ్చిన కిళంగాన్ కొంటాను.

మైలాపూర్ లత | ఆదివారం, రాత్రి 9:15

తాజాదా కాదా ఎలా చూడాలి వాసు గారూ? మొప్పలు ఎర్రగా ఉంటే చాలా? పోయిన నెల ఒక చోట మొప్పలు ఎర్రగానే ఉన్నాయి, ఇంటికొచ్చి కోస్తే మాంసం ముద్దముద్దగా ఊడిపోయింది. నాలుగు వందలు వృథా.

ఎన్నూరు వాసు | ఆదివారం, రాత్రి 9:40

మొప్పలొక్కటే చూడొద్దక్కా. ఈ చేపకి ఇంకో సులువైన పరీక్ష ఉంది. తల దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని అడ్డంగా ఎత్తండి. తాజా చేప కర్రలా తిన్నగా నిలుస్తుంది, పాతది తోక వేలాడేస్తుంది. పొట్ట మీద వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. పొట్ట పగిలి పేగు బయటికి వచ్చిన చేప ఒక్కటి ఉన్నా ఆ కుప్ప వదిలేయండి. అమ్మేవాళ్లు ఎత్తి చూడనివ్వకపోతే పక్క బల్ల దగ్గరికి వెళ్లడమే.

నెల్లూరు పద్మక్క, అన్నానగర్ | సోమవారం, ఉదయం 10:20

సుధా, వేపుడు సంగతి పెద్దాయన చెప్పేశారు, పులుసు నేను చెప్తాను.

అర కిలో చేపకి, అంటే ఏడో ఎనిమిదో వస్తాయి, పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టు. మట్టి చట్టిలో నాలుగు చెంచాల నువ్వుల నూనె, పావు చెంచా మెంతులు, ఎండుమిర్చి, కరివేపాకు. పదిహేను చిన్న ఉల్లిపాయలు, వీటినే ఇక్కడ సాంబారు ఉల్లి అంటారు, సగం నిలువుగా కోసి వేసి సగం దంచి వెయ్యి, దంచినవి పులుసుకి చిక్కదనం ఇస్తాయి. వెల్లుల్లి ఐదారు రెబ్బలు. రెండు టమాటాలు మగ్గాక కారం రెండు చెంచాలు, ధనియాల పొడి ఒకటిన్నర, పసుపు, ఉప్పు. చింతపండు రసం పోసి, మామిడికాయ దొరికితే నాలుగు ముక్కలు వేసి, పదిహేను నిమిషాలు బాగా మరగనివ్వు. మామిడికాయ వేస్తే చింతపండు కాస్త తగ్గించుకో. నూనె పైకి తేలాలి, గరిటె వెనక పులుసు పట్టుకుని నిలవాలి. ఇంతవరకూ చేప ఊసే లేదు చూడు. పులుసు మొత్తం తయారయ్యాకే చేప.

మంట తగ్గించి చేపల్ని ఒకదాని పక్కన ఒకటి పరుచు. మీద మీద వేయకు. మూత పెట్టి ఐదారు నిమిషాలు. గరిటె పక్కన పెట్టేయి, వంటింట్లోంచే తీసేయి కావాలంటే. చట్టి అంచుల్ని గుడ్డతో పట్టుకుని ఒకసారి కుడికి ఒకసారి ఎడమకి మెల్లగా తిప్పితే పులుసు చేప మీదికి ఎక్కుతుంది. కళ్లు తెల్లగా ముత్యాల్లా బయటికి వస్తే ఉడికినట్టే. స్టవ్ కట్టేసి, దోరగా వేయించి దంచిన మెంతి జీలకర్ర పొడి చిటికెడు చల్లి, మూత పెట్టి గంటసేపు వదిలేయి. మట్టి చట్టిలో వేడి చాలాసేపు ఉంటుంది, కాబట్టి ఐదు నిమిషాలకే కట్టేయడానికి భయపడకు.

గూడూరు కుర్రాడు | సోమవారం, మధ్యాహ్నం 1:05

పద్మక్కా, అన్నీ ఒప్పుకుంటాను కానీ గంటసేపటికే తినేస్తే అది నెల్లూరు పులుసు ఎలా అవుతుంది? మన దగ్గర రాత్రి పెట్టి తెల్లారి తింటేనే కదా పులుసు. ముక్కకి పులుపు పట్టొద్దా?

నెల్లూరు పద్మక్క, అన్నానగర్ | సోమవారం, మధ్యాహ్నం 1:50

బాబూ, కొర్రమీనుకి, బొమ్మిడాయికి ఆ మాట చెప్పు, ఒప్పుకుంటాను. గట్టి చేప రాత్రంతా పులుసులో ఉంటే రుచి పెరుగుతుంది. కిళంగాన్‌ని రాత్రంతా పులుసులో ఉంచితే పొద్దునకి ముల్లొకచోట, మాంసమొకచోట. సుధకి పోయిన వారం జరిగింది అదే అయ్యుంటుంది.

నేను చేసేదేమిటంటే, ముందు రోజు సాయంత్రమే చేప లేకుండా పులుసు మరగబెట్టి ఉంచుతాను. తెల్లారేసరికి ఆ పులుసులో ఉప్పు పులుపు కారం ఒకదానికొకటి సర్దుకుంటాయి. పొద్దున మార్కెట్ నుంచి చేప వచ్చాక పులుసు మళ్లీ మరిగించి అందులో వేస్తాను. నిన్నటి పులుసు, ఇవాళ్టి చేప. మా ఇంటికి వచ్చినప్పుడు పెడతాను, తిని అప్పుడు చెప్పు నెల్లూరుదో కాదో.

గూడూరు కుర్రాడు | సోమవారం, మధ్యాహ్నం 2:12

ఈ ఆలోచన నాకు తట్టలేదక్కా. ఈ ఆదివారమే చేస్తాను.

వేళచ్చేరి సుధ | సోమవారం, రాత్రి 9:30

అందరికీ ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే. పద్మక్కా, నేను చేప వేశాక పదిహేను నిమిషాలు మరిగించాను, పైగా రెండు సార్లు గరిటె పెట్టి తిప్పాను. అర్థమైంది. ఇంకో అనుమానం, పాపకి ముళ్ల భయం. దీంట్లో సన్న ముళ్లు ఉన్నాయా? రాజమండ్రిలో పులస తిన్న నాకు ముల్లు తీయడం వచ్చు కానీ మూడేళ్ల పిల్లకి ఎలా?

మైలాపూర్ లత | సోమవారం, రాత్రి 10:05

సుధా, మా ఇద్దరు పిల్లలకీ మొదట పెట్టిన చేప ఇదే. మధ్యలో ఒక్క వెన్నుముల్లు, దానికి రెండు వైపులా పక్కటెముకలు, అంతే. మాంసం మధ్యలో అక్కడక్కడా దాగి ఉండే వెంట్రుక ముళ్ల బాధ దీంట్లో తక్కువ. కానీ తక్కువే, అసలు లేవని కాదు, పొట్ట వైపు ఉండే సన్నవి చూసుకోవాలి.

పిల్లలకి నేను పిట్టు చేస్తాను. మన వైపు బాలింతలకి సొర పిట్టు చేస్తాం కదా, అదే పద్ధతి. చేపల్ని పసుపు ఉప్పు రాసి ఇడ్లీ పాత్రలో ఎనిమిది నిమిషాలు ఆవిరి మీద పెట్టాలి. చల్లారాక తోలు ఒలిచేసి, వెన్ను మీద తల నుంచి తోక దాకా వేలితో ఒక గీత గీస్తే మాంసం రెండు బద్దలుగా విడిపోతుంది. తల పట్టుకుని ఎత్తితే ముల్లు మొత్తం దువ్వెనలా ఒకేసారి లేచి వస్తుంది. ఆ మాంసాన్ని తెల్ల పళ్లెంలో పరిచి వేళ్లతో రెండు సార్లు నలిపి చూసుకో, ఏదైనా ఉంటే వేలికి తగులుతుంది. తర్వాత కొంచెం నూనెలో ఉల్లిపాయ, వెల్లుల్లి, మిరియాల పొడి వేసి పొడిపొడిగా వేయించడమే. నెయ్యి అన్నంలో కలిపి పెట్టు.

కోరమంగళ రమేష్ | మంగళవారం, ఉదయం 8:40

ఇక్కడ బెంగళూరులో చేప తీరం నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వస్తుంది కాబట్టి మీ అంత తాజాగా ఉండదు. అందుకే రవ్వ బాగా పనికొస్తుంది అనిపిస్తోంది నాకు. పాతకాపు గారు చెప్పినట్టే ఉప్పు పెట్టి నీళ్లు తీసేసి, బ్యాడిగి మిర్చి, చింతపండు గుజ్జు, వెల్లుల్లి ముద్ద పట్టించి, వేయించే ముందు మాత్రమే బొంబాయి రవ్వలో దొర్లించాను. ముందే దొర్లించి పెడితే రవ్వ తడిసి ఊడిపోతుంది. ఒక్క చేప కూడా విరగలేదు.

ఒక బాధ చెప్పుకోవాలి. పోయిన నెల ఒక హోటల్లో కాణె అని ఆర్డర్ చేస్తే చతురస్రంగా కోసిన తెల్ల ముక్కలు వచ్చాయి, ముల్లూ లేదు తోలూ లేదు. తింటే చెరువులో పెంచే బాసా చేప అని తెలిసిపోయింది. బాసా తినడం తప్పు కాదు, కానీ కాణె డబ్బులు తీసుకుని అది పెట్టడం తప్పు. అప్పటి నుంచి తలతో సహా నిండు చేపగా ఇస్తారా అని అడిగాకే ఆర్డర్ చేస్తున్నాను.

సిడ్నీ రిటర్న్ | మంగళవారం, మధ్యాహ్నం 12:15

రమేష్ గారు చెప్పింది నిజం, తలే గుర్తు. నేను ఆరేళ్లు ఆస్ట్రేలియాలో ఉండి వచ్చాను, అక్కడ కిళంగాన్ కుటుంబం చేపల్నే వైటింగ్ అంటారు. దాంతో పాటే ఇసుకలో దాక్కునే ఫ్లాట్‌హెడ్ అని ఇంకో చేప వాళ్లకి ప్రాణం, తల బల్లపరుపుగా, మొప్పల పక్కన గట్టి ముళ్లతో ఉంటుంది. రెండిటినీ ముల్లు తీసి బద్దలుగా చేసి పిండిలో ముంచి వేయించి తింటారు. బాగానే ఉంటుంది కానీ తలా వెన్నూ తీసి పారేస్తుంటే నాకు మనసొప్పేది కాదు. ఆ తలల్ని అడిగి తెచ్చుకుని చారు పెట్టుకునేవాడిని, మిరియాలు వెల్లుల్లి దంచి వేసి. జలుబు చేసినప్పుడు దాన్ని మించింది లేదు.

తొండయార్‌పేట పాతకాపు | మంగళవారం, సాయంత్రం 6:30

తల గురించి చెప్పి మంచి పని చేశారు. సుధమ్మా, మార్కెట్‌లో బాగు చేసే ఆమెకి తల ఉంచమని ముందే చెప్పు, మొప్పలు మాత్రం తీసేయమను. తల ఉంటే పెనం మీద తిప్పడానికి పట్టు ఉంటుంది, పులుసులో రుచీ దిగుతుంది. ఒంటి మీద లోతుగా గాట్లు పెట్టనివ్వకు, వంజరంలా అనుకుని కొందరు అలవాటుగా కత్తి దించేస్తారు. ఇంటికొచ్చాక గళ్లుప్పు వేసి గరుకు బండ మీద ఒకసారి మెల్లగా రుద్దితే మిగిలిన పొలుసూ జిగురూ పోతాయి.

వేళచ్చేరి సుధ | శనివారం, రాత్రి 10:50

అందరికీ చెప్పాలని పడుకోకుండా కూర్చున్నాను.

నిన్న సాయంత్రమే పద్మక్క చెప్పినట్టు చేప లేకుండా పులుసు మరగబెట్టి పెట్టాను. అత్తయ్య నిన్న రాత్రి దిగారు, చట్టి మూత తీసి చూసి, చేపలేవమ్మా అన్నారు. పొద్దున వస్తాయి అత్తయ్యా అన్నాను. పొద్దున ఆరున్నరకి ఇద్దరం కలిసి వెళ్లాం. వాసు గారి పరీక్ష చేసి చూపిస్తే ఆవిడ కూడా ఒకటి పట్టుకుని ఎత్తి చూశారు, ఇంకో బల్ల దగ్గర తోక వాలిపోయింది, ఆ కుప్ప ఇద్దరం వదిలేశాం. మూడో బల్ల దగ్గర కర్రల్లా నిలబడ్డాయి. కిలోకి పధ్నాలుగు. తల ఉంచి మొప్పలు తీయించాం.

ఏడు పులుసులో, ఐదు పెనం మీద, రెండు పాపకి పిట్టు. ఉప్పు రాసి పది నిమిషాలు ఉంచితే గిన్నె కింద పావు గ్లాసు నీళ్లు దిగాయి, అవన్నీ ఇన్నాళ్లూ నా పెనంలోకి పోయేవన్న మాట. ఇనప పెనం లేక దోసెల పెనం మీదే వేశాను. చెయ్యి పెట్టకుండా నాలుగు నిమిషాలు నిలబడటమే కష్టమైంది, కానీ నిజంగానే పెనం ఊపితే చేప జారింది. ఐదుకి ఐదూ నిండుగా పళ్లెంలోకి వచ్చాయి.

పులుసు మధ్యాహ్నం వడ్డించాను. అత్తయ్య ఒక చేప తీసుకుని వెన్ను మీద వేలు పెట్టి విడదీసి చూశారు, లోపల తెల్లగా రేకలు రేకలుగా ఉంది. మొదట ఏమీ అనలేదు, ఇంకో చేప వేసుకున్నారు. చెయ్యి కడుక్కున్నాక అడిగారు, ముందు రోజు పులుసు పెట్టడం ఎవరు చెప్పారని. పద్మక్కా, మీ పేరు చెప్పాను. వెళ్లేలోపు మట్టి చట్టి ఒకటి కొనిపెట్టమన్నారు, రాజమండ్రిలో ఉందట కానీ ఇంత వెడల్పుది కాదట.

నెల్లూరు పద్మక్క, అన్నానగర్ | శనివారం, రాత్రి 11:05

చాలా సంతోషం సుధా. చట్టి కొన్నాక వెంటనే పొయ్యి ఎక్కించొద్దని చెప్పు. మూడు రోజులు గంజి పోసి నానబెట్టాలి, రోజూ గంజి మార్చాలి. నాలుగో రోజు నూనె రాసి ఎండలో పెట్టి అప్పుడు వాడమను, లేకపోతే మొదటి పులుసుకే బీటలు వారుతుంది.